చిలక ఆరెంజ్‌కి చరిత్ర రాయబోయి

కొత్త కోడలన్నాక పాలు పొంగించేస్తుంది, ముగ్గు వంకర పెడుతుంది, మహా అయితే మావగారి కళ్ళజోడు మీద కూర్చుంటుంది. ఇవన్నీ మామూలు తప్పులు. వెనకేసుకొచ్చేందుకు ప్రతి ఇంట్లోనూ ఒక మేనత్తో బాబాయో ఉంటారు. నేను అలాంటి చిన్నాచితకా పనులతో సరిపెట్టుకునే మనిషిని కాదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక కూల్ డ్రింక్ కంపెనీ గుట్టు మైకులో చెప్పేశాను. అంతకు ముందు, ముక్కూ మొహం తెలియని ఒక కుర్రాడికి ఊరంతా తెలిసేలా పెళ్ళి చేసేశాను. అందులో పెళ్ళికూతుర్ని కూడా నేనే. వరసగా చెబుతాను, కంగారుపడకండి. మధ్యలో మీకు గందరగోళంగా అనిపిస్తే ఆ రోజు నా పరిస్థితి ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి.

మాది పెడన. నాన్నగారిది చీరల వ్యాపారం. నేను విజయవాడలో జర్నలిజం చదివాను. చదివానన్న సంగతి నన్ను చూసిన వెంటనే ఎదుటివాళ్ళకి తెలిసిపోవాలని చాలా తాపత్రయపడేదాన్ని. అలాంటి నేను భవానీపురంలో చిలక ఆరెంజ్ వాళ్ళింటికి కోడలినయ్యాను.

చిలక ఆరెంజ్ తెలియనివాళ్ళు మా వైపు ఉండరు. తాగామని గొప్పగా చెప్పుకునేవాళ్ళూ ఉండరు. ఖరీదైన డ్రింకులు ఫ్రిజ్‌లో నిలబడితే, మాది కొట్టు ముందు ఐసు తొట్టిలో పడుకుని ఉంటుంది. చెప్పాపెట్టకుండా చుట్టాలొస్తే పరిగెత్తుకెళ్ళి తెచ్చేది మాదే. నాట్లేసే కూలీలకి మధ్యాహ్నం గట్టు మీద ఇచ్చేది మాదే. పెళ్ళిలో మగపెళ్ళివారికి ఖరీదైన సీసాలు అందించి, మిగిలిన జనానికి పంచిపెట్టేదీ మాదే. తాగాక నాలుక సాయంత్రం దాకా నారింజ రంగు వదలదు. డ్రింకు ఆరెంజు, సీసా మీద మాత్రం ఆకుపచ్చని చిలక. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని ఎవరూ ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ అవసరం మా మావయ్యగారికే వచ్చిపడింది. పెద్ద కంపెనీలు చిన్న సీసాలు తయారుచేసి, మా ధరకే పల్లెటూరి కొట్లలోకి దించేశాయి. మా డీలర్లు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. మిగిలినవాళ్ళనైనా విజయవాడలో ఒక ఫంక్షన్ హాలుకి పిలిచి, కడుపునిండా భోజనం పెట్టి నిలబెట్టుకోవాలని ఆయన ఆరాటం. ఆ మీటింగ్ చెడితే కంకిపాడులో ఉన్న మా ఫ్యాక్టరీకి తాళం పడినట్టే. ఈ మాట చెబుతూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకు చాలా జాలేసింది. నా చదువు కూడా ఒంట్లో గట్టిగా ఉబికింది.

“మన డ్రింకు చరిత్ర నువ్వు రాసి మైకులో చదవాలమ్మా హరితా. వింటుంటే డీలర్లకి కళ్ళమ్మట నీళ్ళు రావాలి,” అన్నారు.

“తప్పకుండా మావయ్యగారూ. మొదలెక్కడండీ?”

“మా తాతగారు పామర్రులో సోడాబండి పెట్టారు.”

“తర్వాత?”

“తర్వాత నేను.”

“మధ్యలో ఏం జరిగిందండీ?”

“మధ్యలో ఏముంటుందమ్మా, ఎండాకాలాలు.”

పోనీ చిలక సంగతైనా తేలుద్దామనుకున్నాను. తాతగారు చిలకని పెంచారని మావయ్యగారు చెప్పారు. ఆయనకి పిట్టల గోల పడేదే కాదు, అది అమ్మవారి చేతిలో చిలకని అత్తయ్యగారు చెప్పారు. మా ఆయన బాగా ఆలోచించి, “ఆరెంజు కాయ కూడా ముందు పచ్చగానే ఉంటుందిగా,” అన్నాడు. నేను కాపురం చేస్తున్నది ఈ మనిషితోనే.

“ఇట్లా కాదు, పామర్రు వెళ్ళి కనుక్కొస్తాను,” అన్నాను.

మావయ్యగారు పేపరు తిరగేసి పట్టుకున్నారు.

“పామర్రు మాట మనింట్లో ఎత్తకమ్మా,” అన్నారు అత్తయ్యగారు.

“ఎందుకండీ?”

“ఎత్తం గనక.”

మా ఆయన్ని చాటుకి పిలిచి అడిగితే, “చిన్నప్పుడు నేనడిగినా ఇదే చెప్పారు,” అన్నాడు. వెళ్ళద్దన్న చోటికి వెళ్ళి తీరాలన్నది నాకు కాలేజీలో నేర్పిన మొదటి పాఠం. పుట్టింటికి వెళ్ళొస్తానని చెప్పి బందరు బస్సెక్కి, పామర్రులో దిగిపోయాను. సెంటర్లో ఒక ఆటో అతన్ని చిలక ఆరెంజ్ వాళ్ళిల్లు ఎక్కడని అడిగితే, మారుమాట లేకుండా తీసుకెళ్ళి ఒక డాబా ఇంటి ముందు దింపాడు.

గోడ మీద మా చిలకే ఉంది. దాని కింద ‘అసలు చిలక ఆరెంజ్’ అని పెద్ద అక్షరాలు. గేటుకి ఇంటిపేరుతో సహా మా మావయ్యగారి పేరున్న బోర్డు, మల్లికార్జునరావు అని. ఆయన వదిలేసి వెళ్ళిన పాత ఇల్లు ఇదేనన్నమాట. ఇక్కడుంటున్న చుట్టాలు బోర్డు కూడా తియ్యకుండా ఎంత గౌరవంగా ఉంచారో అనుకుని నా మనసు కరిగిపోయింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నాకైతే ఎవరూ చెప్పి చావలేదు. సోడాబండి తాతగారి పేరు మల్లికార్జునరావు. ఆయనకి ఇద్దరు కొడుకులు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకున్న అలవాటే కదా, పెద్ద కొడుకు తన పిల్లాడికి ఆ పేరు పెట్టుకున్నాడు. ‘ఆయన నాకు మాత్రం నాన్న కాదా’ అని చిన్న కొడుకు కూడా తన పిల్లాడికి అదే పేరు పెట్టుకున్నాడు. ఆ ఇద్దరు మల్లికార్జునరావులూ పెద్దవాళ్ళయ్యాక దెబ్బలాడుకుని, పొలాలతోపాటు చిలకని కూడా పంచుకున్నారు. కంకిపాడులో మాది చిలక. పామర్రులో వాళ్ళది అసలు చిలక. అప్పటినుంచి ఒకరింట్లో ఇంకొకరి పేరెత్తరు. ఎత్తితే తమ పేరు కూడా ఎత్తినట్టే అవుతుంది, అదొక ఇబ్బంది.

ఇదేదీ తెలియని నేను గేటు తీశాను. వాకిట్లో ఒకావిడ వడియాలు పెడుతోంది.

“ఎవరమ్మా?”

“మల్లికార్జునరావుగారి కోడల్నండీ.”

ఆవిడ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. “ఏ మల్లికార్జునరావుగారు?”

నాకు నవ్వొచ్చింది. బోర్డు చూపించాను. “ఇదిగో, ఈయనేనండీ!”

ఆవిడ పిండి చేత్తోనే గుండె పట్టుకుంది. ఆవిడకి వంశీ అని ఒక్కడే కొడుకు. ఎన్ని సంబంధాలు తెచ్చినా వద్దంటూ, వ్యాపారం పేరు చెప్పి విజయవాడలో తిరుగుతుంటాడు. ఇదీ నాకు తర్వాతే తెలిసింది. ఆ పూట నాకు తెలిసినదల్లా, ఈవిడెవరో నన్ను చూసి తెగ చలించిపోతోందని.

“పెళ్ళెప్పుడయిందమ్మా?”

“రెండు నెలలయిందండీ. మీరెవరూ రాలేదుగా, అందుకే మిమ్మల్ని గుర్తుపట్టలేకపోయాను.”

“పిలిస్తేగా రావడానికి!”

“పిలవలేదా?” నాకు నిజంగానే కోపం వచ్చింది. “ఇంత దగ్గరివాళ్ళని పిలవకపోవడం ఏంటండీ? ఇంటికెళ్ళాక ఆయన్ని గట్టిగా నిలదీస్తాను.”

“నువ్వెందుకులే, ఇంటికి రానీ, వాడి సంగతి నేను చూస్తా.”

మా ఆయన్ని వాడూ వీడూ అంటోందంటే చిన్నప్పుడు ఎత్తుకుని పెంచి ఉంటుందనుకుని ఇంకాస్త మర్యాదగా నిలబడ్డాను.

“గుళ్ళో చేసుకున్నారా?” అని నెమ్మదిగా అడిగింది.

“గుళ్ళో ఎందుకండీ! పెద్ద ఫంక్షన్ హాల్లో. జనం పట్టక బయట కూడా షామియానా వేశారు.”

“ఊరందర్నీ పిలిచాడు! కన్నతల్లి లేకుండా…” ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. కన్నతల్లి ఎవరో, ఎప్పుడు పోయిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడల్లా తలూపాలని పెళ్ళికి ముందు మా అమ్మ నేర్పింది, తలూపాను.

ఈలోగా ఎదురింటివాళ్ళు గేటు దాకా వచ్చారు. పక్కింటావిడ గోడ మీదుగా సగం ఇటే ఉంది. లోపల్నుంచి ఈ ఇంటి పెద్దావిడ, అంటే ఏడుస్తున్న ఆవిడ అత్తగారు, కర్ర ఊపుకుంటూ వచ్చింది.

“జరిగిందేదో జరిగింది. పిల్ల లక్షణంగా ఉంది. ఇంటి కోడల్ని గుమ్మంలో నిలబెడతారంటర్రా? హారతి పళ్ళెం తెండి!”

హారతిచ్చారు. దిష్టి తీశారు. చుట్టాలింటికి మొదటిసారి వచ్చిన కోడలికి పామర్రులో ఇంత చేస్తారా అని మురిసిపోయి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళాను. పాయసం పెట్టారు, కొత్త చీర పెట్టారు. ఒక చిలక ఆరెంజ్ కూడా ఇచ్చారు. చూస్తే మా డ్రింకే, తాగితే మాది కాదు. అదేదో వాసన, చివర్లో నాలుక మీద ఒక చిన్న పులకరింత. మా వాళ్ళు మంచి సరుకంతా చుట్టాలకి పంపేస్తున్నారన్నమాట అనుకున్నాను.

ఎందుకొచ్చానో గుర్తొచ్చి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పెద్దావిడని అడిగాను. “మన డ్రింకుకి చిలక ఎట్లా వచ్చిందండీ?”

“అదా!” ఆవిడ పకపకా నవ్వింది. “మా మావగారు సోడాబండి పెట్టినప్పుడు బొమ్మేయించుకునే స్తోమతు ఏడ్చిందా? పెడనలో ఒక షావుకారు చిలక మార్కు చీరలని లేబుళ్ళు కుప్పలుగా అచ్చేయించి, ఎత్తేశాడు దుకాణం. ఊరికే వస్తున్నాయి గదాని మావగారు మూటగట్టుకొచ్చి సీసాలకి అంటించాడు. మొదట్లో మన సీసా మీద ‘ఎంత ఉతికినా రంగు పోదు’ అని కూడా ఉండేది.”

ఆ మాట అబద్ధం కాదని నా నాలుకే సాక్ష్యం చెబుతోంది.

పెద్దావిడ ఇక ఫోన్ పక్కన పెట్టమని, నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. “ఇది మా అత్తగారు నాకు చెప్పింది. నా కోడలికి నేను చెప్పా. ఇప్పుడు నీ వంతు. ఇది కోడళ్ళకే చెప్పుకునేది. కూతుళ్ళకి చెప్తే ఇంకోళ్ళ ఇంటికి పోద్ది. మగాళ్ళకి చెప్తే సెంటర్లో టీకొట్టు కాడికి పోద్ది. ఎసెన్స్ ఎవడన్నా పోస్తాడమ్మా. ఎండబెట్టిన దబ్బతొక్క నానేసిన నీళ్ళు కలపాలి. మీద చిటికెడు ఉప్పు. మన చిలకంటే అదే.”

ఇంత ముఖ్యమైన సంగతి మా అత్తయ్యగారు నాతో ఎందుకు చెప్పలేదా అని ఆలోచిస్తుంటే వాకిట్లో బైకు ఆగింది. ఆ వెంటనే చీపురు చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చూస్తే, ఇందాక ఏడ్చిన ఆవిడ ఒక కుర్రాణ్ణి చీపురుతో కొడుతోంది.

“మాతో చెప్పకుండా చేసుకుంటావురా? ఏరా?”

“ఏంటమ్మా? ఏం చేసుకున్నాను?”

“అదిగో, పాయసం కూడా తిన్నది! చూడు!”

అతను నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను.

“ఎవరమ్మా ఈవిడ?” అన్నాడు అతను.

“ఈయనెవరండీ?” అన్నాను నేను.

“మొగుణ్ణి పట్టుకుని ఎవరంటావేంటే తల్లీ! పొద్దున్నే గొడవపడ్డారా ఏంటి?”

“అమ్మా, ఈవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఒట్టు!”

“పెళ్ళి చేసుకుని చూడలేదంటావా? జనం పట్టక బయట షామియానా వేశారంట కదరా!”

ఇంకో రెండు చీపురు దెబ్బలు పడ్డాక నాకు నోరు పెగిలింది. ఫోన్‌లో పెళ్ళిఫోటో తీసి చూపించాను. అందరూ మా ఆయన మొహంలోకి చాలాసేపు చూశారు. ఫోటోలో ఆయన పక్కన నిలబడ్డ మా మావయ్యగారిని చూసి పెద్దావిడ అక్కడే కూలబడింది.

“కంకిపాడు మల్లి కోడలివా నువ్వు!”

అప్పుడు ఆవిడ నోటినుంచే రెండు చిలకల కథంతా విన్నాను. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వచ్చి కూర్చుని వాళ్ళ పాయసం తిన్నాను, వాళ్ళ చీర తీసుకున్నాను, వాళ్ళ గుట్టు కూడా పట్టుకున్నాను. అభం శుభం తెలియని వంశీ మూలన కూర్చుని వీపు తడుముకుంటున్నాడు.

“నీకు చెప్పింది మరిచిపోవాలమ్మాయ్,” అంది పెద్దావిడ.

“మరిచిపోయానండీ.”

“ఏం మరిచిపోయావు?”

“దబ్బతొక్కండీ.”

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఏం చేస్తే నా తప్పు తగ్గుతుందో తోచక, గూట్లో ఉన్న కుంకుమ భరిణె తీసుకుని అత్తాకోడళ్ళిద్దరికీ బొట్టు పెట్టేశాను. “మా డీలర్ల ఫంక్షన్‌కి మీరందరూ తప్పకుండా రావాలండీ. మా మావయ్యగారు మరీ మరీ చెప్పమన్నారు.” ఇది పచ్చి అబద్ధం. మర్యాద కోసం మన వైపు రోజూ ఆడేదే.

“మల్లిగాడు పిలవమన్నాడా?” పెద్దావిడ గొంతు మారిపోయింది. “చిన్నప్పుడే తల్లి పోతే వాడు నా చంక దిగేవాడు కాదు.”

ఆ మాట విన్నాక నిజం చెప్పేందుకు నాకు మనసొప్పలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అన్నాళ్ళ పట్టింపు ఉన్నవాళ్ళు ఎలాగూ రారనుకున్నాను. బొట్టు పెట్టి పిలిస్తే రాకుండా ఉండరని నా తలకి తట్టలేదు.

ఫంక్షన్ రోజు హాలు బాగానే నిండింది. మా డ్రింకు తాగుతున్న డీలర్ల మొహాల్లో మాత్రం ఏ భావమూ లేదు. యాంకరమ్మాయి మైకు తీసుకుని, “మన మల్లికార్జునరావుగారిని వేదిక మీదకి ఆహ్వానిస్తున్నాం,” అంది. ముందు వరసలోంచి మా మావయ్యగారు లేచారు. అప్పుడే గుమ్మంలోంచి వస్తున్న పామర్రు మల్లికార్జునరావుగారు, తనకి ఇంత గౌరవం ఉంటుందనుకోలేదేమో, పొంగిపోతూ వేదిక వైపు నడిచారు. ఇద్దరూ మెట్ల దగ్గర ఎదురుపడ్డారు.

“నువ్వెందుకొచ్చావు?” మా మావయ్యగారు.

“పిలిచి ఎందుకొచ్చావంటావా?” పామర్రు ఆయన.

వెనకాలే పెద్దావిడ. “కోడల్ని పంపి బొట్టు పెట్టిస్తే రాకుండా ఎట్టా ఉంటాంరా మల్లీ!”

మావయ్యగారు నా వైపు చూశారు. నేను మైకు వైపు చూశాను. ఆ పూటకి నాకు మైకే క్షేమమనిపించి, గబగబా వెళ్ళి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. సోడాబండి అయింది, చీరల లేబుళ్ళు అయ్యాయి. ఉతికినా రంగు పోదన్న చోట హాలంతా నవ్వింది. గండం గడిచినట్టే అనుకుంటుండగా వెనకనుంచి ఒక పెద్దవయసు డీలరు లేచాడు.

“చరిత్ర బాగుందమ్మా. రుచేదీ? మా నాన్న అమ్మిన చిలక వేరు. ఇప్పుడు మీరిచ్చేది రంగునీళ్ళు. మేమెందుకుండాలి మీతో?”

మావయ్యగారు తల దించుకున్నారు. అంత పెద్దమనిషి, అందరి ముందూ అలా తల దించుకోవడం నేను చూడలేకపోయాను. ఒళ్ళు మండింది.

“మా మావయ్యగారి తప్పేం లేదండీ! దబ్బతొక్క నానేసిన నీళ్ళూ చిటికెడు ఉప్పూ వెయ్యాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనేం చేస్తారు!”

మామూలుగా ఇలాంటి సమయాల్లో మైకులు కుయ్యిమంటాయి, కరెంటు పోతుంది, ఎవరో ఒకరు దగ్గుతారు. ఆ రోజు ఏదీ జరగలేదు. నా మాట హాల్లో చివరి కుర్చీ దాకా, అక్కడినుంచి వంటశాల దాకా స్పష్టంగా వెళ్ళింది.

“అమ్మా! మన గుట్టు!” అని పామర్రు మల్లికార్జునరావుగారు తల పట్టుకున్నారు.

“పిన్నీ!” మా మావయ్యగారు పెద్దావిడ వైపు తిరిగారు. “ఇన్నాళ్ళూ నా డ్రింకులో లేనిది దబ్బతొక్కా? నాకు చెప్తే ఏం పోయేది?”

“నీకెట్టా చెప్తానురా? నువ్వు కోడలివా?”

డీలర్లు పడీపడీ నవ్వారు. లేచిన డీలరు కూర్చోకుండా, “మీ గొడవ భోజనాలయ్యాక పడండి. ఆ తొక్క వేస్తారా, వెయ్యరా? వేస్తే మా కొట్లో మళ్ళీ చిలకే ఉంటది,” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అదే మాటన్నారు.

అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి దెబ్బలాడుకోవడానికీ ఏమీ కనబడలేదు.

“తొక్కలు మా డాబా మీద ఎండుతున్నాయి,” అన్నారు పామర్రు ఆయన, ఎటో చూస్తూ.

“పెద్ద మెషిన్లు మా దగ్గరున్నాయి,” అన్నారు మా మావయ్యగారు, ఇంకెటో చూస్తూ.

కంకిపాడు ఫ్యాక్టరీకి తాళం పడలేదు. ఇప్పుడు రెండు చిలకలూ అక్కడే తయారవుతున్నాయి. అంతా మంచే జరిగిందిగా, ఇంత బాధ దేనికంటారా? వెళ్ళి వంశీని అడగండి.

ఆ రోజు నాకు హారతిస్తుంటే చూసిన ఇరుగుపొరుగువాళ్ళు వార్త మోసుకుని ఊరి మీదకి వెళ్ళారు. తర్వాత తేలిన నిజం వినడానికి ఒక్కరూ వెనక్కి రాలేదు. ఇప్పుడు ఎవరైనా పిల్లనిద్దామని పామర్రులో ఆరా తీస్తే, “ఆ అబ్బాయికి పెళ్ళయిందిగా. ఆ పిల్ల వచ్చింది, పాయసం తిన్నది, చీర తీసుకుంది, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. పాపం ఏం బాధ పెట్టారో!” అంటున్నారట. అందుకని వంశీ పెళ్ళిచూపులు ఎక్కడ జరిగినా, అతని భార్యని కాదని చెప్పుకోవడానికి నేను వెళ్ళాలి. సాక్ష్యానికి మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాలి.

మొన్న గుడివాడలో ఒక సంబంధం దాదాపు కుదిరింది. నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, పిల్ల నాయనమ్మ ఊరికే, మాటవరసకి అడిగింది.

“ఇంతకీ నువ్వెవరి కోడలివమ్మా?”

“మల్లికార్జునరావుగారి కోడల్నండీ.”

“అబ్బాయి నాన్నగారి పేరేదో అన్నారు…”

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. మేం చెప్పులేసుకున్నాం.

కాబట్టి పాఠకమహాశయులారా, మీ అందరి సాక్షిగా ఇవాళ ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరడిగినా నేను ఫలానావారి కోడల్నని చెప్పను. ఫలానావారి భార్యననీ చెప్పను. ఎందుకంటే మా ఆయనకి కూడా వాళ్ళ తాతగారి పేరే, అంటే మావయ్యగారి నాన్నగారి పేరే పెట్టారట. ఆ తాతగారికి ఇంకా ఎంతమంది మనవళ్ళున్నారో ఈ ఇంట్లో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పడం లేదు.